తొందరోళ్ల ఫిబ్రవరి

మా ఊళ్లో ఇంటిపేరుతో మనిషిని పోల్చుకోవడం కుదరదు. నాంకివెల్ ఇంటిపేరుతో తొమ్మిది గడపలున్నాయి, హెండ్రా పేరుతో పదకొండు. అందుకని ఒక్కో గడపకీ ఒక్కో ఎగతాళి పేరు తగిలించారు. పిల్లి నాంకివెల్‌లు, కర్రకాలు నాంకివెల్‌లు, ఎర్రతల హెండ్రాలు. ఆ కర్రకాలు ఎవరిదో, ఆయన పోయి ఎన్నాళ్లయిందో ఎవరికీ తెలియదు. పేరు మాత్రం పోలేదు. మేము తొందరోళ్లం. పెన్‌హేల్ పొలం మీద ఉండే తొందర నాంకివెల్‌లం.

ఈ పేరు ఎలా వచ్చిందో చెప్పకుండా మా కెజయా అత్త కథ చెప్పలేను. చెబుతుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది, అయినా చెప్పాలి.

1894లో మా సెయింట్ కెర్రిన్ చర్చికి టేమార్ నది అవతలి నుంచి, అంటే మా లెక్కలో పరాయి దేశం నుంచి, ఒక ఫాదిరిగారు వచ్చారు. మనిషి మంచివాడేనంటారు. చేతినిండా తీరిక ఉండటమే వచ్చిన చిక్కు. చర్చి ఇనప్పెట్టెలో మగ్గుతున్న పాత రిజిస్టర్లు బయటికి తీసి, మూడు వందల ఏళ్ల బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, ఖననాలు అన్నీ ఏడాది వారీగా పేర్చి పుస్తకం అచ్చు వేయించారు. చర్చికి వెళ్లేవాళ్లూ, మాలాగా మెథడిస్టు చాపెల్‌కి వెళ్లేవాళ్లూ అందరూ కొన్నారు. ఎవరింట్లో చూసినా బైబిలు పక్కన అదే. నలభై ఒకటో పేజీలో 1731 కింద, జాన్ నాంకివెల్‌కీ గ్రేస్‌కీ పుట్టిన జేన్ అనే పిల్లకు ఫిబ్రవరి ఇరవైన బాప్తిస్మం అయినట్టుంది, ఆ రోజుల్లో పుట్టిన ఒకటి రెండు రోజుల్లోనే ఇచ్చేసేవాళ్లు. కింద పెళ్లిళ్ల వరసలో అదే 1731లో, మే తొమ్మిదిన, ఆ జాన్‌కీ ఆ గ్రేస్‌కీ పెళ్లయినట్టుంది. చూసినవాడు చూసి ఊరుకోవచ్చుగా? ఊరుకోలేదు. పేజీ అడుగున చిన్న అక్షరాలతో ఒక మాట చేర్చారు: 'ఈ బిడ్డ తొందరపడి తల్లిదండ్రుల పెళ్లికి ముందే వచ్చినట్టున్నది.'

అంతే, ఊరికి పండగైంది. అప్పటిదాకా మేము పెన్‌హేల్ నాంకివెల్‌లం. ఆ వారం నుంచి తొందరోళ్లం. బస్సు కోసం అయిదు నిమిషాలు ముందొచ్చి నిలబడితే, "తొందరోళ్లు కదమ్మా, ఆగలేరు" అనేవాళ్లు. మా ఇంట్లో పెళ్లి జరిగితే చాలు, ఊళ్లో గోడ క్యాలెండర్లన్నీ కిందికి దిగేవి. నా పెళ్లికి నాలుగు రోజుల ముందు పోస్టాఫీసులో ఒకావిడ నా నడుం వంక చూసి, "కుట్లు విప్పుకునేలా కుట్టించావా గౌను?" అంది. నాకు ముక్కు మీద కోపం. "మీ ఆయన కళ్లద్దాలు మార్పించండి ముందు, మిమ్మల్నెలా చేసుకున్నాడో" అన్నాను. పోస్టాఫీసంతా నవ్వింది. నాకు అలా చెల్లిపోయింది. కెజయా అత్తకు చెల్లలేదు.

అత్త మా నాన్నకు చెల్లెలు. 1931లో పుట్టింది. ఆరేళ్లకే పాలు పితికింది, పద్నాలుగేళ్లకు బడి మానేసింది. చెయ్యి పట్టుకుంటే పార పట్టుకున్నట్టుండేది. ఆవు మూతి వాసన చూసి దాని కడుపులో ఏముందో చెప్పేది. చాపెల్‌లో నలభై రెండేళ్లు హార్మోనియం వాయించింది, ఒక్క ఆదివారం కూడా ముందు వెళ్లలేదు, ఆలస్యంగానూ వెళ్లలేదు. గంట కొట్టేటప్పటికి గుమ్మంలో ఉండేది. ముందు వెళితే ఏమంటారో ఆమెకు తెలుసు. రోజూ సాయంత్రం పాలపని అయ్యాక నోటుబుక్కులో నాలుగు ముక్కలు రాసుకునేది: ఏ ఆవు ఈనింది, ఎంత వాన పడింది, ఏ కంచె పడిపోయింది. అలాంటి పుస్తకాలు వంటింటి అల్మరాలో అరవై పైచిలుకు ఉన్నాయి. పెళ్లి చేసుకోలేదు.

చేసుకోవలసింది, ఎడ్గర్ హెండ్రాని. ఎర్రతల హెండ్రాల వాడు, వడ్రంగి. 1953లో వేలికి ఉంగరం కూడా తొడిగాడు. ఆ జులైలో చాపెల్ పిల్లల టీ విందు జరిగింది. బ్యాండు మేళం, పచ్చిక మీద పొడుగాటి బల్లలు, పళ్లెమంత కుంకుమపువ్వు బన్నులు. పెద్ద టీ కాగు దగ్గర ఎడ్గర్ తల్లి నిలబడి వడ్డిస్తోంది. ఆవిడ నోటికి ఊరంతా జడిసేది. అత్త ఒక చేత బన్ను, ఒక చేత కప్పు పట్టుకుని వరసలో నిలబడితే, ఆవిడ గరిటె ఎత్తి నలుగురికీ వినబడేలా అంది:

"తప్పుకోండమ్మా, కెజయాకి ముందు పొయ్యాలి. తొందరోళ్లు ఆగలేరు. పెళ్లిదాకా ఆగితే అదే పదివేలు!"

అందరూ నవ్వారు. అత్త బన్ను బల్ల మీద పెట్టింది. ఉంగరం తీసి, పక్కనే టీ తాగుతున్న ఎడ్గర్ సాసర్లో వేసింది. నడిచి ఇంటికొచ్చి ఆవుల్ని కట్టేసింది. ఇదంతా నాకు మా నాన్న చెప్పాడు. మాటన్నది తల్లి అయితే ఉంగరం కొడుకు సాసర్లో ఎందుకు పడిందని నేను చాలాసార్లు అనుకున్నాను. అత్తను అడిగే ధైర్యం లేదు. ఎడ్గర్ తరవాత ట్రూరో ఊరి పిల్లను చేసుకున్నాడు, ఆమె పోయి పదేళ్లయింది. ఎడ్గర్, మా అత్త ఒకే ఊళ్లో, ఒకే చాపెల్‌లో దగ్గర దగ్గర డెబ్బై ఏళ్లు గడిపారు. ఎదురుపడితే ఆయన టోపీ తాకేవాడు, ఆమె తల ఊపేది. అంతకుమించి మాటల్లేవు.

2022 జనవరిలో చర్చి పైకప్పు కారడం మొదలైంది. బాగుచేయించడానికి విరాళాలు కావాలి కాబట్టి ఆ పాత పుస్తకాన్ని మళ్లీ అచ్చువేసి అమ్ముదామని ఒక కమిటీ పెట్టారు. ఆస్ట్రేలియా నుంచీ, ఇంకా ఎక్కడెక్కడి నుంచో తాతముత్తాతల పేర్లు వెతుక్కుంటూ వచ్చేవాళ్లు ఎగబడి కొంటారట. ఆ సంగతి చర్చి కరపత్రంలో వేశారు. కమిటీ పెద్ద ఎడ్గర్ హెండ్రా. తొంభై రెండేళ్లు వచ్చినా చర్చి తలుపులు, బెంచీలు అన్నీ ఆయన చేతి మీదే బాగవుతాయి, అందుకని చాపెల్‌వాడైనా ఆయన్నే కూర్చోబెట్టారు.

అప్పటికి నేను బడి వంటశాల ఉద్యోగం వదిలేసి అత్తతో పెన్‌హేల్‌లోనే ఉంటున్నాను. ఆవుల్లేవు, పచ్చిక పక్క పొలం వాళ్ల గొర్రెలకు వదిలేశాం. డాక్టరు అత్త గుండె గురించి నాకు చెప్పాడు. నాకు చెప్పాడని అత్తకు తెలుసు. ఆమె కరపత్రం రెండుసార్లు చదివి మడిచింది.

"హెట్టీ, నేను పోయేలోగా ఆ మాట పుస్తకంలోంచి పోవాలే."

"అత్తా, ఇప్పుడెవరికి పట్టింది? మా పిల్లలకు ఆ పేరు ఎందుకొచ్చిందో కూడా తెలీదు."

"నాకు పట్టింది. మళ్లీ అచ్చయితే ఇంకో నూట ముప్ఫై ఏళ్లు ఉంటుంది. నాకు అంత టైము లేదు."

ఆమె నన్ను ఏదీ అడిగే మనిషి కాదు. ఉప్పు డబ్బా అందుకోమని కూడా అడగదు, కుర్చీ ఎక్కుతుంది. అలాంటిది అడిగింది. నేను కోటు వేసుకుని ఎడ్గర్ షెడ్డుకు వెళ్లాను.

మా ఊళ్లో ముసలివాళ్లందరినీ అత్తా, మామా అనే పిలుస్తాం, చుట్టరికంతో పని లేదు. ఈయన మాత్రం నిజంగానే మామ కావలసినవాడు. బల్లకు చిత్రిక పడుతూ చెవి నావైపు తిప్పాడు. ఆయనకు ఆ ఒక్క చెవే కాస్త పనిచేస్తుంది.

"ఎడ్గర్ మామా, నలభై ఒకటో పేజీ అడుగున ఉన్న మాట తీసెయ్యాలి."

"ఏ మాట?"

"ఏ మాటో తెలీదా? ఈ ఊరు నూట ముప్ఫై ఏళ్లుగా చప్పరిస్తున్న మాట!"

ఆయన చిత్రిక ఆపలేదు. "రాసి ఉన్నది తీసెయ్యలేం హెట్టీ. రికార్డు రికార్డే. ఇవాళ నీకోసం ఒకటి తీస్తే రేపు కర్రకాలు వాళ్లు వస్తారు. మిగిలేవి అట్టలే."

"అది తప్పని తేలిస్తే?"

"తేలిస్తే సంగతి వేరు. రిజిస్టరులోనే తప్పని ఉండాలి మరి. లేడీ డే నాడు అచ్చుకు పంపుతున్నాం. ఆలోపు తీసుకురా, చూద్దాంలే."

చూద్దాంలే అన్నది మా ఊరి జాతీయగీతం. కొళాయి బాగుచేసేవాడూ అదే అంటాడు, పెళ్లికొడుకూ అదే అంటాడు.

"ఆలస్యం అమృతం విషం అంటారు మామా."

"నిదానమే ప్రధానం అని కూడా అంటారమ్మా" అన్నాడు ఎడ్గర్.

లేడీ డే అంటే మార్చి ఇరవై అయిదు, మరియమ్మ పండగ. నాకు పది వారాలున్నాయి. అసలు రిజిస్టర్లు ఇప్పుడు చర్చిలో లేవు. పట్నంలో పాత రికార్డుల ఆఫీసులో భద్రపరిచారు. రెండు బస్సులు మారి వెళ్లాను. కళ్లద్దాల అమ్మాయి ఒకతె తెర ముందు కూర్చోబెట్టి, కావలసిన పేజీ బొమ్మ తెర మీదికి తెచ్చి, అక్షరాలు పెద్దవి చేసి చూపించింది. ఈగ సిరాలో పడి పాకినట్టుంది చేతిరాత. అయినా చదవగలిగాను. ఫిబ్రవరి 20, 1731. జేన్, జాన్ నాంకివెల్, గ్రేస్‌ల కూతురు. ఇంకో పుస్తకంలో మే 9, 1731. వాళ్లిద్దరి పెళ్లి. ఫాదిరిగారు ఒక్క అంకె కూడా తప్పు రాయలేదు.

నాకు తల కొట్టేసినట్టయింది. ఆ అమ్మాయి ఏదో చెప్పబోతోంది. నేను వినలేదు. "చాలమ్మా, చూసింది చాలు" అని సంచీ తీసుకుని, తలుపు ధడాలున వేసి వచ్చేశాను.

దారి పొడుగునా అబద్ధం చెబుదామా అనుకున్నాను. కాగితం చిరిగిపోయిందనో, ఎలుకలు కొట్టేశాయనో. అత్త వంటింట్లో బంగాళాదుంపలు చెక్కు తీస్తోంది. నా మొహం చూసి కత్తి ఆపింది.

"నిజమేనా?"

"నిజమే అత్తా. అలాగే రాసుంది."

"సరే" అని మళ్లీ చెక్కు తీయడం మొదలుపెట్టింది. ఆ రోజు భోజనానికి రాలేదు. మర్నాటి నుంచి నన్ను తిట్టడం మానేసింది. గుమ్మంలో బురద కాళ్లతో నిలబడినా ఏమీ అనలేదు. వారం రోజులు అత్త నన్ను తిట్టకపోతే నాకు భయం వేసింది. ఒకరోజు కిటికీ దగ్గర కూర్చుని, నాతో కాదు, గాజుతో అన్నట్టు అంది: "అయితే ఆవిడ అన్నది నిజమేనన్నమాట." డెబ్బై ఏళ్లు ఆమె తప్పు వాళ్లదేనన్న నమ్మకం మీద నిలబడింది. నేను వెళ్లి ఆ ఒక్క కర్ర కూడా లాగేసి వచ్చాను. మంచి చెయ్యబోతే ఇదీ నేను చేసిన నిర్వాకం!

మార్చి మూడో వారంలో ఒక పొద్దున కాస్త మంచు పడింది. మా సముద్రపు ఒడ్డున మంచు పడటం తక్కువ, గొర్రెలు కూడా ఆశ్చర్యపోయాయి. అత్త మాట్లాడుతుందేమోనని, "చూడత్తా, ఎంత మంచో" అన్నాను.

"ఇదీ ఒక మంచేనా? పిండి జల్లెడ పట్టినట్టుంది. డైసీ ఈనిన రోజు పడింది, అదీ మంచంటే. పార తీసుకుని తవ్వుకుంటూ వెళ్లాను పాకలోకి. అరవై మూడు ఫిబ్రవరి."

ఇన్ని మాటలు మాట్లాడిందని నాకు ప్రాణం లేచొచ్చింది. అది అలాగే సాగనిద్దామని అల్మరా తెరిచి 1963 అని అట్ట మీద రాసిన నోటుబుక్కు తీశాను. ఫిబ్రవరి లేదు. మొదటి పేజీయే మార్చి ఇరవై అయిదు. పక్కనున్న 1962 పుస్తకం తీసి చివరికి తిప్పాను. అక్కడుంది: 'ఫిబ్రవరి 6. తలుపు గొళ్లెం దాకా మంచు. డైసీకి పెయ్యదూడ.'

"అత్తా, పొరపాటు రాశావు. అరవై మూడు మంచు అరవై రెండు పుస్తకంలో ఉంది."

"పొరపాటేంటే? సరిగ్గానే ఉంది."

"ఫిబ్రవరి అరవై మూడు అని నువ్వే అన్నావుగా?"

"చాపెల్ వాళ్ల లెక్కలో అరవై మూడే. పొలం లెక్కలో లేడీ డే రాకుండా కొత్త ఏడాది ఎలా వస్తుంది? కౌలు ఆ రోజే మొదలు, పనివాళ్లు మారేది ఆ రోజే. మా తాత అలాగే రాసేవాడు, వాళ్ల తాతా అలాగే రాసేవాడు. జనవరి, ఫిబ్రవరి పాత ఏడాది తోక. ఇన్నేళ్లు పొలం మీద ఉన్నావు, ఇది కూడా తెలీదా? బడిలో పప్పులుడికించడం తప్ప ఏం నేర్చుకున్నావే నువ్వు?"

తిట్టింది! ఆ సంతోషంలో ఒక్క క్షణం ఆలస్యంగా బుర్రలో వెలిగింది. ఫిబ్రవరి పాత ఏడాది తోక. నేను పుస్తకం చేత్తో పట్టుకుని అలాగే కూలబడ్డాను.

"ఏమైందే? గుండెనొప్పా? అది నాకు కదా రావాలి!"

"ఏం లేదత్తా. నేను పట్నం వెళ్లాలి."

ఈసారి అత్తకు ఏమీ చెప్పలేదు. ఒకసారి చేసిన నిర్వాకం చాలు. రికార్డుల ఆఫీసులో అదే కళ్లద్దాల అమ్మాయి ఉంది. ఒక్క వరస కాదు, పేజీ మొత్తం చూపించమన్నాను. పైనుంచి చదువుకుంటూ వచ్చాను. 1731 ఏప్రిల్. జూన్. ఆగస్టు. డిసెంబరు. డిసెంబరు కింద జనవరి 1731. దాని కింద ఫిబ్రవరి 20, 1731, మా జేన్. ఇంకా కింద అడ్డంగా ఒక గీత, గీత కింద పెద్ద అక్షరాలతో 1732, మార్చి 25. ఫిబ్రవరి ముందు రాలేదు. డిసెంబరు తరవాత వచ్చింది.

"అవునండీ," అంది ఆ అమ్మాయి, "1752కి ముందు దేశం మొత్తానికీ ఏడాది లేడీ డేతోనే మొదలయ్యేది. మన లెక్కలో ఆ పిల్ల పుట్టింది 1732లో."

"మరి ఆ రోజే చెప్పొచ్చుగా తల్లీ!"

"చెప్పబోయానండీ. మీరు తొందరగా వెళ్లిపోయారు."

సంచీ ఒళ్లో పెట్టుకుని, ఈసారి నిదానంగా, ఆ పేజీ మళ్లీ మొదటి నుంచి చదివాను.

ఫాదిరిగారి పొరపాటు ఎక్కడో అప్పుడు తెలిసింది. పేజీలో ఉన్న వరసను ఆయన నమ్మలేదు. పాత గుమస్తాలు చదువురాని వాళ్లు, తికమక పడ్డారనుకుని, అన్నీ జనవరి నుంచి డిసెంబరుకు సర్ది రాశారు. పొలం మీద బతికినవాడైతే ఆ పని చెయ్యడు. మరి పొలం మీద బతికిన మా వాళ్లు నూట ముప్ఫై ఏళ్లు ఆ పుస్తకం చదివి, ఏటా లేడీ డే నాడు కొత్త నోటుబుక్కు తెరిచి, రెండూ కలిపి ఎందుకు చూసుకోలేదంటే ఏం చెప్పను? అచ్చులో ఉన్నదానికి తల వంచాం. సిగ్గుపడేవాడు లెక్క సరిచూడడు.

పేజీ నకలు తీయించుకుని బస్సు దిగి తిన్నగా ఎడ్గర్ షెడ్డుకు వెళ్లాను. అది మార్చి ఇరవై రెండు. ఆయన కాగితం బల్ల మీద పరిచి, చెవి మీద పెట్టుకున్న వడ్రంగి పెన్సిలుతో ఒక్కో వరసా తాకుతూ కిందికి వచ్చాడు. అడ్డగీత దగ్గర ఆగాడు. మళ్లీ మొదటి నుంచి వచ్చాడు. నేను అరవడానికి సిద్ధంగా ఉన్నాను. అవసరం రాలేదు.

"కెజయాకి చెప్పావా?"

"లేదు."

"చెప్పకు. నేనొస్తాను." కాగితం మడుస్తూ మళ్లీ అన్నాడు, "నేను రావొచ్చంటావా?"

"తలుపు తీసే ఉంటుంది మామా. ఎప్పుడూ తీసే ఉంది."

మార్చి ఇరవై నాలుగున, మధ్యాహ్నం మూడింటికి, ఆదివారం కోటు వేసుకుని వచ్చాడు. చంకలో అచ్చుకు వెళ్లబోయే కాగితాల కట్ట. అత్త కుర్చీలోంచి లేవలేదు. కింది నుంచి పై దాకా చూసింది.

"తొందరోళ్ల ఇంటికి ఇంత ఆలస్యంగానా రావడం, ఎడ్గర్?"

"ఆఁ?"

"కూర్చో అన్నాను!"

కూర్చున్నాడు. నలభై ఒకటో పేజీ తీసి ఆమె ముందు పెట్టాడు. రిజిస్టరు నకలు పక్కన పెట్టాడు. పెన్సిలుతో చూపిస్తూ, గట్టిగా, చాపెల్‌లో చదివినట్టు చదివాడు. డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి, గీత, లేడీ డే. ఫాదిరిగారి చిన్న అక్షరాలను అడ్డంగా కొట్టేసి దాని కింద కొత్త మాట రాసుకొచ్చాడు: 'పై వాక్యం తప్పు. పాత లెక్క ప్రకారం ఏడాది మార్చి 25న మొదలవుతుంది. ఈ బిడ్డ పెళ్లయిన తరవాత వచ్చే ఫిబ్రవరిలో పుట్టినది.'

అత్త చెయ్యి ఎత్తి వేళ్లు మడవడం మొదలుపెట్టింది. మే తొమ్మిది నుంచి జూన్ తొమ్మిది, ఒకటి. జులై, రెండు. అప్పుడు తట్టింది నాకు, ఈ లెక్క నేను వెయ్యలేదు. ముందా వెనకా అని చూశానే గాని ఎన్ని నెలలని చూడలేదు. ఎనిమిదైతే? డిసెంబరు, ఏడు. జనవరి, ఎనిమిది. ఫిబ్రవరి తొమ్మిది.

"తొమ్మిది" అంది అత్త. "పైన పదకొండు రోజులు."

"పదకొండు రోజులు" అన్నాడు ఎడ్గర్.

ఆమె రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుంది. కళ్ల వెంట నీళ్లు జారాయి, తుడుచుకోలేదు. అత్త ఏడవడం నేను చూడటం అదే మొదలు, మా నాన్న పోయినప్పుడు కూడా ఆవులకు నీళ్లు పెట్టడానికి లేచి వెళ్లిపోయింది. నేనూ ఏడ్చాను. నాకేం సిగ్గు?

"ఇంకేమైనా దిద్దాలా కెజయా?" అన్నాడు ఎడ్గర్ కాసేపటికి. "రేపు పంపేస్తున్నాం."

"ఒకటుంది."

"చెప్పు."

"నువ్వు నవ్వావు."

"ఆఁ?"

"నువ్వు నవ్వావు!" అరిచింది అత్త. "మీ అమ్మ సంగతి నాకు తెలుసు, ఆవిడ నోట్లోంచి ఏదైనా వస్తుంది. నేను నీ వంక చూశాను. నువ్వు వాళ్లతో కలిసి నవ్వావు."

అప్పుడు తెలిసింది నాకు, ఉంగరం కొడుకు సాసర్లో ఎందుకు పడిందో.

ఎడ్గర్ పెన్సిలు బల్ల మీద పెట్టాడు. "నవ్వాను" అన్నాడు. "అందరూ నవ్వుతున్నారని నవ్వాను. నవ్వు ఇంకా నోట్లో ఉండగానే సాసర్లో ఉంగరం చప్పుడైంది."

"అది రాయి."

"ఎక్కడ?"

"దాని కిందే. రికార్డు రికార్డేగా?"

నేను మధ్యలోకి వెళ్లబోయాను. ముసలాయన చెయ్యి అడ్డం పెట్టాడు. పెన్సిలు తీసుకుని, అత్త చెబుతుంటే, రిజిస్టరులో గుమస్తా రాసినట్టు ఒక్కో అక్షరం విడివిడిగా రాశాడు: '1953 జులై, టీ విందు. ఎడ్గర్ హెండ్రా నవ్వాడు.'

"నవ్వకూడదు అని కూడా రాయి."

'నవ్వకూడదు' అని రాశాడు. అత్త వంగి చూసి, సరే అన్నట్టు తల ఊపింది. తరవాత నన్ను కసిరింది, "చూస్తూ నిలబడ్డావేం? మనిషి ఎక్కడినుంచో నడిచొచ్చాడు, టీ పెట్టు. మీగడ గిన్నె కూడా తీసుకురా." ఇద్దరూ కుంకుమపువ్వు బన్ను చెరి సగం తిన్నారు. మాట్లాడుకున్నది ఆవుల గురించి, ఆయన మోకాలి గురించి.

గేటు దాకా సాగనంపుతూ, "మామా, పంపేముందు ఆ పెన్సిలు రాత చెరిపెయ్యడం మరిచిపోకు" అన్నాను.

"చూద్దాంలే" అన్నాడు.

మే నెలలో పుస్తకాలొచ్చాయి. నాలుగు వందలు. నలభై ఒకటో పేజీలో, చక్కటి అచ్చు అక్షరాల్లో, ఒక్క కామా కూడా పోకుండా ఉంది: 1953 జులై, టీ విందు. ఎడ్గర్ హెండ్రా నవ్వాడు. నవ్వకూడదు.

కమిటీ గుండెలు బాదుకుంది. చర్చి గదిలో మీటింగు పెట్టారు, నేనూ వెళ్లి వెనక కూర్చున్నాను. ఆస్ట్రేలియా వాళ్లు చదివితే ఏమనుకుంటారన్నాడు ఒకాయన. దాని మీద తెల్లకాగితం ముక్క అంటించేద్దాం, నాలుగు వందలేగా, ఒక పూట పని అన్నాడు ఇంకొకాయన. అందరూ ఎడ్గర్ వంక చూశారు. ఆయన పనిచేసే చెవి వాళ్లవైపు తిప్పి అంతా విన్నాడు. చెవి మీది పెన్సిలు తీసి జేబులో పెట్టుకున్నాడు.

"రాసి ఉన్నది తీసెయ్యలేం" అన్నాడు. "రికార్డు రికార్డే."

ఇంటికొచ్చి ఆ మాట అత్తకు చెప్పాను. ఏమన్నాడు, మళ్లీ చెప్పు అంది. మళ్లీ చెప్పాను. ఆయనలాగే చెప్పవే అంది. చెవి తిప్పి, పెన్సిలు జేబులో పెట్టుకుని, ఆయనలాగే చెప్పాను. అప్పుడు అత్త నవ్వింది.